ఆర్18 రెగ్యులేషన్స్ బుక్కు: నాలుగేళ్ళు వాడాక నా రివ్యూ

మొబైల్‌కి రివ్యూ రాస్తారు, మిక్సీకి రాస్తారు, బిర్యానీ పాయింట్ అయితే తెరిచిన రోజు సాయంత్రానికే రాసేస్తారు. మరి మన నాలుగేళ్ళూ, ఇంట్లోవాళ్ళు కట్టిన లక్షలూ దేని ప్రకారం నడిచాయో ఆ అకడమిక్ రెగ్యులేషన్స్ బుక్కుకి రివ్యూ రాసినవాడు నాకైతే ఒక్కడూ కనపడలేదు. సరే నేనే రాస్తున్నా. ఇది జేఎన్టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్టీయూ) బీటెక్ ఆర్18 గురించి, అంటే 2018-19లో చేరిన బ్యాచ్ నుంచి అమలైన రూల్స్. నేను దీని కిందే చదివి బయటపడ్డా. మా బాబాయ్ కొడుకు ఇప్పుడు ఆర్22లో (2022-23 బ్యాచ్ నుంచి వచ్చిన రూల్స్) ఉన్నాడు కాబట్టి అది కూడా పక్కన పెట్టుకుని చూశా, మధ్యమధ్యలో దాని మాట కూడా వస్తుంది. మా కాలేజీ పేరు మాత్రం అడగొద్దు, చెప్పను, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక వరసగా వచ్చే కాలేజీల్లో ఒకటి అనుకోండి.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ బుక్కు మీద నాకు పెద్ద కంప్లైంట్ లేదు, నిజానికి చాలా చోట్ల స్టూడెంట్ వైపే ఉంది. బాధేంటంటే కాలేజీల్లో "యూనివర్సిటీ రూల్ బాబూ, మా చేతుల్లో ఏం లేదు" అని చెప్పే వాటిలో సగం ఈ బుక్కులో ఉండనే ఉండవు, ఉన్నవేమో మనకి ఎవరూ చెప్పరు. అందుకే ఇది చదివితీరాల్సిన సరుకు అంటున్నా, ఫ్రీ కూడాను.

ఎక్కడ దొరుకుతుందంటే యూనివర్సిటీ సైట్‌లో సిలబస్‌తో పాటు పీడీఎఫ్‌గా ఉంటుంది. చాలామంది ఆ పీడీఎఫ్‌ని ఎగ్జామ్ ముందురోజు రాత్రి యూనిట్లు చూసుకోడానికే తెరుస్తారు, రెగ్యులేషన్స్ మీద నుంచి స్క్రోల్ చేసుకుంటూ వెళ్ళిపోతారు. అసలు చదవాల్సింది ఓ పాతిక పేజీలు కూడా ఉండదు. కాలేజీ డైరీలో కూడా కొంత ప్రింట్ చేస్తారు గానీ దాన్ని నమ్ముకోకండి, వాళ్ళకి నచ్చిన ముక్కలే వేస్తారు, డ్రెస్ కోడ్ రెండు పేజీలు, కండొనేషన్ (తగ్గిన అటెండెన్స్‌ని మాఫీ చేయడం) రెండు లైన్లు.

ఇక భాష. ఇంగ్లీషులో, అదీ వకీలు నోటీసు లాంటి ఇంగ్లీషులో ఉంటుంది. ఒక్కో వాక్యం మొదలెట్టి చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చెప్పాడో మర్చిపోతాం. క్రెడిట్స్ (ఒక్కో పేపర్ పాసైతే వచ్చే పాయింట్లు) దగ్గర ఒక లైన్ ఉంటుంది చూడండి, రెగ్యులర్, సప్లిమెంటరీ పరీక్షలన్నీ కలిపి ఇన్ని క్రెడిట్లు రావాలి, "ఆ పరీక్షలు స్టూడెంట్ రాసినా రాయకపోయినా" అని. అంటే సప్లీ పెట్టాం, నువ్వు రాయకపోతే నీ ఖర్మ, లెక్కలో మాత్రం ఛాన్స్ ఇచ్చినట్టే అని దాని భావం. ఇది అర్థం కావడానికి నాకే టైం పట్టింది, ఇక తెలుగు మీడియంలో టెన్త్ చదివి, పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరే పిల్లల సంగతి ఆలోచించండి. వాళ్ళకి లెక్కలు కూడా వేరే, మొత్తం 160 క్రెడిట్లు కాదు, ఫస్టియర్ 37 తీసేసి 123 తెచ్చుకోవాలి, అదీ ఆరేళ్ళ లోపు. వాళ్ళ రూల్స్ చివర్లో విడిగా ఇచ్చారు, మంచిదే, కానీ నాలుగు పేజీలు తెలుగులో రాసి పెడితే వీళ్ళ సొమ్మేం పోతుందో నాకు అర్థం కాదు. ఇక్కడ ఒక స్టార్ కట్.

160 అన్నా కదా, దాని వెనక సంగతేంటంటే మాకన్నా ముందు ఆర్16 వాళ్ళకి 192 క్రెడిట్లు ఉండేవి. 2018లో ఏఐసీటీఈ (దేశమంతా ఇంజనీరింగ్ కాలేజీల్ని చూసే సంస్థ) మోడల్ కరిక్యులమ్ అని తెచ్చి 160కి దించారు, ఆర్18 దాన్ని బట్టి వచ్చిందే. సీనియర్లు "మీకేంట్రా హాయి" అని ఏడిపించేవాళ్ళు. హాయి ఏమీ లేదు, పేపర్లలో కొన్నిటికి క్రెడిట్ తీసేసి మాండేటరీ నాన్ క్రెడిట్ అని పేరు పెట్టారు, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియా, జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ అలాంటివి. సున్నా క్రెడిట్లు కదా అని లైట్ తీసుకుంటారు, కానీ అవి పాస్ కాకపోతే డిగ్రీ రాదు. క్రెడిట్లు 160కి 160 వచ్చేసి, ఒక్క జీరో క్రెడిట్ పేపర్ మిగిలిపోయి, ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని సప్లీ కోసం వెయిట్ చేసినవాడు మా బ్యాచ్‌లోనే ఉన్నాడు.

ఇప్పుడు అసలు విషయం, అటెండెన్స్. అందరూ ఇక్కడికే వస్తారని తెలుసు.

బుక్కులో ఉన్నది చాలా సింపుల్. సెమిస్టర్ మొత్తం మీద, అన్ని సబ్జెక్టులూ కలిపి యావరేజ్‌గా 75 శాతం ఉండాలి. కలిపి అనే ముక్క గుర్తుపెట్టుకోండి. ఒక సబ్జెక్టులో 60 ఉండి ఇంకోదాంట్లో 90 ఉంటే యూనివర్సిటీకి నొప్పి లేదు. 65 నుంచి 75 లోపల ఉంటే కాలేజీ అకడమిక్ కమిటీ కండోన్ చేయొచ్చు, జెన్యూన్, సరైన కారణం ఉండాలి, ఆధారం పెట్టాలి, ఫీజు కట్టాలి. 65 కన్నా తగ్గితే ఎట్టి పరిస్థితుల్లోనూ కండోన్ చేయకూడదు, ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషనే క్యాన్సిల్, ఇంటర్నల్స్‌తో (కాలేజీ వేసే మార్కులతో) సహా అన్నీ పోతాయి, మళ్ళీ ఆ సెమిస్టర్ వచ్చినప్పుడు జూనియర్లతో కూర్చోవాలి. ఇంకో చిన్న మేలు కూడా ఉంది, మిడ్ ఎగ్జామ్ రాస్తే ఆ థియరీ సబ్జెక్టుకి రెండు పీరియడ్ల అటెండెన్స్ లెక్కేస్తారు. ఇది మా క్లాసులో సగం మందికి ఫైనలియర్ దాకా తెలీదు.

మా కాలేజీలో ఏం చెప్పేవాళ్ళంటే ప్రతి సబ్జెక్టులోనూ 75 ఉండాలి, యూనివర్సిటీ రూల్ అని. ఒక సార్ అయితే తన సబ్జెక్టులో తగ్గితే హాల్ టికెట్ ఆపిస్తా అని బోర్డు మీద రాశాడు. మా వాడొకడు, మామూలుగా నోరు విప్పని మనిషి, పీడీఎఫ్ ప్రింటు తీసుకెళ్ళి హెచ్ఓడీ మేడమ్ ముందు పెట్టి "మేడమ్, ఇక్కడ అగ్రిగేట్ అని ఉంది" అన్నాడు. మేడమ్ దాన్ని చదివి, కళ్ళజోడు తీసి, "ఇది నీకెక్కడిది" అంది. అంతే, తర్వాత ఆ టాపిక్ మళ్ళీ రాలేదు. అందుకే అంటున్నా, ప్రింటు తీసుకోండి. ఫోన్లో చూపిస్తే ముందు ఫోన్ ఎందుకు తెచ్చావ్ అని మొదలెడతారు.

కండొనేషన్ దగ్గర నాకు నిజంగా చిరాకు. జెన్యూన్ కారణం, ఆధారం అని స్పష్టంగా రాసి ఉంది, కానీ నేను చూసినంతలో నడిచేది ఇలాగ: లిస్టు పెడతారు, లిస్టులో పేరున్న ప్రతివాడూ ఎక్కడో ఒక క్లినిక్‌లో జ్వరం సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు, ఫీజు కడతాడు, అయిపోతుంది. డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్స్ ఎక్కించుకున్న పిల్లా, గోవా వెళ్ళొచ్చిన బ్యాచూ ఒకే లైన్లో నిలబడి ఒకే ఫీజు కడతారు. పైగా ఆ పిల్లకి 65కి తక్కువొస్తే ఆస్పత్రి ఫైలు మొత్తం తెచ్చినా పని జరగదు, ఎందుకంటే రూల్ అలా ఉంది. 65 కింద ఉన్న నిజమైన పేషెంట్‌కి ఏ దారీ లేదు, 66 ఉన్న దొంగ పేషెంట్‌కి రాజమార్గం. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు, గేటు మాత్రం తప్పు చోట కట్టారు. ఆర్22లో కూడా ఇదే గేటు, ఏం మార్చలేదు.

మార్కుల సంగతి. ఆర్18లో ఇంటర్నల్ 25, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివర యూనివర్సిటీ పరీక్ష) 75. మిడ్‌లో బిట్ పేపర్ 10, డిస్క్రిప్టివ్ 10, అసైన్‌మెంట్ 5. రెండు మిడ్‌ల యావరేజ్ తీస్తారు. పాస్ అవ్వాలంటే రెండు షరతులు: ఎక్స్‌టర్నల్‌లో 75కి కనీసం 26, టోటల్‌గా 100కి 40. దీన్ని సరిగ్గా అర్థం చేసుకుంటే ఎగ్జామ్ ముందు మనకెంత కావాలో ముందే తెలుస్తుంది. ఇంటర్నల్స్ 14 ఉంటే 26 చాలు. 10 ఉంటే 30 తెచ్చుకోవాలి. 20 ఉన్నా సరే 26 తప్పదు, ఇంటర్నల్స్ 20 ఉన్నాయి కదా అని ఇంకో 20కే రాసొస్తే కుదరదు, ప్రతి సెమిస్టర్లో ఎవడో ఒకడు "టోటల్ 43 వచ్చింది కదరా ఎఫ్ ఎందుకిచ్చారు" అని గ్రూపులో పెడతాడు, చూస్తే ఎక్స్‌టర్నల్ 22 ఉంటుంది.

ఆర్22లో దీన్ని 40, 60 చేశారు. మిడ్‌కి 30, అసైన్‌మెంట్‌కి 5, వైవా లేదా ప్రెజెంటేషన్ లాంటి వాటికి 5. ఇంకో పెద్ద తేడా, ఇంటర్నల్‌లో కూడా కనీసం 35 శాతం, అంటే 40కి 14 తెచ్చుకోవాలి. ఎక్స్‌టర్నల్‌లో 60కి 21. మా తమ్ముడు "అన్నా ఇంటర్నల్స్ 40 అంట, పండగే" అన్నాడు. పండగ కాదురా నాన్నా. మా టైంలో ఇంటర్నల్స్ సున్నా వచ్చినా ఎక్స్‌టర్నల్‌లో 40 కొడితే పాస్ అయిపోయేవాళ్ళం, సార్‌తో గొడవ పడినా బండి నడిచేది. ఇప్పుడు వందలో 40 మార్కులు కాలేజీ చేతిలోకి వెళ్ళాయి, పైగా అక్కడ 14 రాకపోతే బయట ఎంత రాసినా లాభం లేదు. మంచి కాలేజీలో ఇది నిజంగా మంచి మార్పే, ఏడాదంతా చదివిస్తారు. అలాంటి కాలేజీలు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు.

యావరేజ్ గురించి ఒక పక్క మాట. మా పిన్ని కూతురు కాకినాడ జేఎన్టీయూ కింద ఆర్20లో చదివింది, వాళ్ళకి రెండు మిడ్‌లలో బెటర్ దానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజ్. ఒక మిడ్‌లో 20, ఇంకోదాంట్లో 10 వచ్చాయనుకోండి, మా లెక్కలో 15, వాళ్ళ లెక్కలో 18. ఒక్క మిడ్ టైంకి ఇంట్లో పెళ్ళో, ఒంట్లో బాగోకపోవడమో వస్తే మొత్తం కొట్టుకుపోకుండా ఉంటుంది. 2008 దాకా అంతా ఒకటే జేఎన్టీయూ, ఆ తర్వాతే హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని విడిపోయాయి. అక్కడి వాళ్ళకి వచ్చిన ఆలోచన ఇక్కడికి ఎందుకు రాలేదో. నాకైతే ఈ పాయింట్‌లో కాకినాడకే ఓటు.

క్రెడిట్ డిటెన్షన్ (క్రెడిట్లు చాలక పై ఇయర్‌కి పంపకుండా ఆపేయడం) గురించి అడిగే ప్రశ్నే తప్పుగా అడుగుతారు అందరూ. "అన్నా ఎన్ని బ్యాక్‌లాగ్స్ ఉంటే డిటెయిన్ చేస్తారు" అని. బ్యాక్‌లాగ్స్ లెక్క కాదు తమ్ముడూ, క్రెడిట్స్ లెక్క. ఆర్18లో ఫస్టియర్ నుంచి సెకండియర్‌కి పోవాలంటే 37లో 18, సెకండియర్ నుంచి థర్డియర్‌కి 79లో 47, థర్డియర్ నుంచి ఫైనలియర్‌కి 123లో 73. మ్యాథ్స్ నాలుగు క్రెడిట్లు, మూడు గంటల ల్యాబ్ ఒకటిన్నర. కాబట్టి నాలుగు థియరీలు పోగొట్టుకున్నవాడూ, రెండు ల్యాబ్‌లు రెండు థియరీలు పోగొట్టుకున్నవాడూ ఒకటి కాదు. నాన్ క్రెడిట్ పోతే ఈ లెక్కలో అసలు కనపడదు, అది చివర్లో వచ్చి పట్టుకుంటుంది. ఇంకోటి, ఒకే ఇయర్‌లో ఫస్ట్ సెమ్ నుంచి సెకండ్ సెమ్‌కి వెళ్ళడానికి క్రెడిట్స్ అడగరు, అటెండెన్స్ ఉండి క్లాసులు కంప్లీట్ చేస్తే చాలు.

ఇక్కడ బుక్కు రాసినవాళ్ళని మెచ్చుకోవాలి. పక్కన 60 శాతం అని రాశారు కానీ లెక్క కట్టి చూడండి, 79లో 60 శాతం అంటే 47.4, దాన్ని 47 చేశారు, 123లో 73.8 వస్తుంది, దాన్ని 74 చేయకుండా 73 పెట్టారు. ఫస్టియర్‌కి 50 శాతం అన్నారు, 18.5 రావాలి, 18 పెట్టారు. మూడు చోట్లా కిందికే దించారు. పాయింట్ ఎనిమిది ఉన్నదాన్ని కూడా స్టూడెంట్‌కి వదిలేశారంటే ఆ గదిలో ఎవరో పిల్లల్ని కన్నవాళ్ళు కూర్చున్నారు. ఆర్22లో సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు చేసి 40లో 20, 80లో 48, 120లో 72 అని గుండ్రంగా పెట్టేశారు, నీట్‌గా ఉంది, గుర్తుంటుంది.

డిటెయిన్ అయ్యాక ఏమవుతుంది అనే భాగం మాత్రం ఈ బుక్కులోకెల్లా ఘోరం. నువ్వు ఏ బ్యాచ్‌తో మళ్ళీ చేరితే ఆ బ్యాచ్ రెగ్యులేషనే నీకు. ఆర్16లో డిటెయిన్ అయ్యి ఆర్18 వాళ్ళతో కూర్చున్న అన్నలు మా క్లాసులో ఉండేవాళ్ళు, వాళ్ళకి ముందు చదివిన సబ్జెక్టు ఇక్కడ వేరే పేరుతో వేరే సెమిస్టర్‌లో ఉంటుంది, ఇక్కడ ఉన్నది అక్కడ లేదు, సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు అని ఒక లిస్టు, ఏది రాయాలో కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడిగితే వాళ్ళు "సర్క్యులర్ రావాలి" అంటారు, సర్క్యులర్ వచ్చేసరికి మిడ్ అయిపోతుంది. ఒక అన్న అయితే ఒక సబ్జెక్టు చదివి మిడ్ రాశాక అది తనకి అక్కర్లేదని తెలిసింది. ట్రాన్సిటరీ రెగ్యులేషన్స్ అని ఒక సెక్షన్ ఉంది కానీ అందులో సూత్రం చెప్పారు తప్ప ఉదాహరణ ఒక్కటీ లేదు. ఒక్క టేబుల్ వేస్తే తీరేది. అసలు ఎక్కువ సాయం కావాల్సింది ఈ పిల్లలకే, వాళ్ళ పేజీయే అన్నిటికన్నా అస్పష్టంగా ఉంది.

సీజీపీఏ (అన్ని సెమిస్టర్లూ కలిపి పదికి వచ్చే గ్రేడ్ యావరేజ్) దగ్గర రెండు విషయాలు తెలుసుకోండి. మొదటిది పర్సెంటేజ్ ఫార్ములా. సీజీపీఏలోంచి అర తీసేసి పదితో గుణించాలి. 8 అంటే 80 శాతం కాదు, 75 శాతం. ఇంటికెళ్ళి అమ్మకి 8 పాయింట్ అంటే ఆవిడ చుట్టాలందరికీ 80 అని చెప్పేస్తుంది, అది పర్లేదు, కంపెనీ ఫామ్‌లో మాత్రం అలా రాయకండి. చాలా కంపెనీలు అడిగే 60 శాతం కటాఫ్ అంటే మనకి 6.5. 6.0 ఉంది కదా అని ధీమాగా కూర్చుంటే 55 దగ్గర తేలతారు. అమెరికా వెళ్ళే వాళ్ళకి ఇంకో తిప్పలు, కన్సల్టెన్సీ వాడు మొదట అడిగేదే "బ్యాక్‌లాగ్స్ ఎన్ని బాబూ" అని.

రెండోది డిస్టింక్షన్. 8 దాటితే ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్ అని అందరూ అనుకుంటారు. ఆర్18లో కింద మూడు షరతులు ఉన్నాయి: అన్ని సబ్జెక్టులూ ఫస్ట్ అటెంప్ట్‌లోనే, నాలుగేళ్ళలోపే పాస్ అవ్వాలి, డిటెయిన్ అయి ఉండకూడదు, ఇంకా ఎనిమిది సెమిస్టర్లలో ప్రతి సెమిస్టర్ చివరా సీజీపీఏ 8కి తగ్గకూడదు. చివరిది మళ్ళీ చదవండి. ఫస్ట్ సెమ్‌లో ఇంటర్ అలవాట్లు పోక 7.8 తెచ్చుకున్నవాడు ఆ తర్వాత ఎంత గింజుకున్నా, ఫైనల్‌గా 9 కొట్టినా డిస్టింక్షన్ రాదు, ఫస్ట్ క్లాసే. ఇది ఏ ఓరియెంటేషన్‌లోనూ చెప్పరు. ఫస్ట్ డే స్టేజి మీద గంటన్నర ప్లేస్‌మెంట్ ప్యాకేజీలు చెప్తారు, ఈ ఒక్క లైను చెప్పడానికి అర నిమిషం చాలదూ? రూల్‌గా కూడా నాకు నచ్చలేదు, మెల్లగా మొదలుపెట్టి పైకొచ్చిన వాడికి శిక్ష ఏంటి.

బుక్కు మొత్తంలో చదవడానికి మజా వచ్చేది మాత్రం మాల్‌ప్రాక్టీస్ టేబుల్. ఎడమ పక్కన నేరం, కుడి పక్కన శిక్ష. మొదటి ఐటమ్‌లోనే పరీక్ష హాల్లోకి తేకూడని వస్తువుల్లో పేజర్, పామ్ కంప్యూటర్ అని ఉంటాయి, 2018లో. పేజర్ ఎలా ఉంటుందో మా ఇన్విజిలేటర్‌కి కూడా తెలిసుండదు. స్మార్ట్ వాచ్ అని విడిగా రాసినట్టు నాకు గుర్తులేదు గానీ "ఇంకే రూపంలో ఉన్న మెటీరియల్ అయినా" అన్నారు కాబట్టి అదీ లోపలికే వస్తుంది, తెలివి చూపించకండి. ఐదో నంబర్ నాకు ఇష్టమైనది: ఆన్సర్ పేపర్లో బూతులు రాసినా, పాస్ చేయండి సార్ అని ఎగ్జామినర్‌ని బతిమాలుతూ రాసినా ఒకటే శిక్ష, ఆ సబ్జెక్టు క్యాన్సిల్. తిట్టినా, కాళ్ళు పట్టుకున్నా తేడా లేదన్నమాట. ఇది తెలీక పేపర్ చివర్లో "సార్ మా అక్క పెళ్ళి ఉండె, దయచేసి" అని రాసే సంప్రదాయం ఇంకా నడుస్తోంది. తాగి హాలుకొస్తే ఆ సబ్జెక్టుతో పాటు అప్పటిదాకా రాసినవి కూడా పోతాయి. మారణాయుధం తెచ్చినా ఒక ఐటమ్ ఉంది, అది రాయాల్సి వచ్చిందంటే ఎక్కడో ఎవడో తెచ్చే ఉంటాడు కదా అని మేం హాస్టల్లో తెగ డిస్కస్ చేశాం.

నవ్వులాట పక్కన పెడితే ఒకరి బదులు ఒకరు రాయడం చాలా సీరియస్. వరసగా రెండు సెమిస్టర్లు డిబార్, రాసినవాడు బయటివాడైతే పోలీసులకి అప్పగించి కేసు పెడతారు. అలాగే హాల్లో దొరక్కపోయినా పేపర్లు దిద్దేటప్పుడు ఇద్దరి ఆన్సర్లు ఒకేలా ఉన్నాయని పట్టుకునే క్లాజ్ కూడా ఉంది. ముందు బెంచీ వాడి తప్పులతో సహా దించేవాళ్ళు ఇది చూసుకోండి.

ర్యాగింగ్ గురించి కాలేజీ హ్యాండ్‌బుక్‌లలో ఒక పేజీ ఉంటుంది, అది యూనివర్సిటీ రూల్ కాదు, 1997లో చేసిన చట్టం. ఏడిపించినా, అవమానించినా ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా ఫైన్ లేదా రెండూ, అక్కడ మొదలై ఎవరైనా చనిపోతే పదేళ్ళ దాకా వెళ్తుంది. వెయ్యి రూపాయల ఫైన్ ఇప్పటికీ అలాగే ప్రింట్ అవుతుంటే చూసి నవ్వొస్తుంది కానీ జైలు మాటకి మాత్రం నవ్వక్కర్లేదు, నేరం రుజువై శిక్ష పడితే కాలేజీ నుంచి తీసేస్తారు.

రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మా టైంలో రీకౌంటింగ్ సబ్జెక్టుకి వంద, రీవాల్యుయేషన్‌కి వెయ్యి. ఎఫ్ వచ్చి ఎక్స్‌టర్నల్ 22 నుంచి 25 మధ్య ఉంటే వేయండి, 8 వచ్చినవాడు వేసి వెయ్యి తగలేసుకోకండి. నోటిఫికేషన్ గడువు చిన్నగా ఉంటుంది, రిజల్ట్ వచ్చిన బాధలో దుప్పటి కప్పుకుని పడుకుంటే దాటిపోతుంది. కాలేజీలో డబ్బు కట్టి అక్కడితో అయిపోయింది అనుకోవద్దు, అప్లై అయినట్టు కాగితమో స్క్రీన్‌షాటో దగ్గర పెట్టుకోండి. మా ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఒక ఫ్రెండ్ అప్లికేషన్ బీరువాలోనే ఉండిపోయింది, అడిగితే "నువ్వు గుర్తు చేయలేదు కదా" అన్నారు.

మీది అటానమస్ కాలేజీ అయితే ఆగండి. డిగ్రీ మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది కానీ పరీక్షలు, రెగ్యులేషన్స్ కాలేజీవి, ముందు వాళ్ళ అక్షరాలు తగిలించి వేరే పేరు పెట్టుకుంటారు. చాలావరకు ఇవే రూల్స్ ఎత్తి రాస్తారు గానీ ప్రమోషన్, రీవాల్యుయేషన్ దగ్గర తేడాలు ఉండొచ్చు, మీ కాలేజీ సొంత పీడీఎఫ్ తీసి చూసుకోండి. 2025-26 బ్యాచ్ నుంచి ఆర్25 కూడా వచ్చేసింది, దాని మీద రివ్యూ దాని కింద చదివి బయటపడ్డవాళ్ళు రాస్తే బాగుంటుంది, నేను రాయడం పద్ధతి కాదు.

స్టార్లు అడిగితే బుక్కుకి మూడున్నర. తెలుగులో లేనందుకు ఒకటి, డిటెయిన్ అయినవాళ్ళ పేజీకి అర. డిస్టింక్షన్ షరతుకి కూడా కోద్దామనుకున్నా గానీ క్రెడిట్స్ కిందికి దించిన పుణ్యానికి వదిలేశా. దాన్ని స్టూడెంట్ దాకా చేర్చే సర్వీసుకి, అంటే కాలేజీల వైపు నుంచి, ఒకటి, అదీ మా లైబ్రరీ సార్ పుణ్యమా అని. ఆయన మా ఫస్టియర్‌లో సొంత డబ్బులతో ఈ పేజీలు జిరాక్స్ తీయించి రిఫరెన్స్ సెక్షన్ గోడకి అంటించాడు. తర్వాతి ఏడాది పెయింటింగ్ వేసినప్పుడు పీకేశారు.

కొత్తగా చేరేవాళ్ళు, వాళ్ళ నాన్నలు కూడా, పీడీఎఫ్‌లో అటెండెన్స్, ప్రమోషన్ రూల్స్, క్లాస్ అవార్డు చేసే టేబుల్, మాల్‌ప్రాక్టీస్ ఈ నాలుగు ముక్కలు ప్రింటు తీసుకుని హాల్ టికెట్లు పెట్టే ఫైల్లోనే పెట్టుకోండి. ఇంకో విషయం, చేరిన సంవత్సరం నుంచి ఎనిమిది అకడమిక్ ఇయర్లలోపు అన్నీ క్లియర్ చేయకపోతే సీటు పోతుందని కూడా ఇందులోనే ఉంది. 2018-19 నుంచి లెక్కేస్తే ఆ ఎనిమిది 2025-26తో అయిపోతాయి. మా బ్యాచ్‌లో ఒకటీ రెండూ సప్లీలు పెట్టుకుని జాబ్‌లో పడి మర్చిపోయినవాళ్ళు ఉన్నారు, వన్ టైమ్ ఛాన్స్ ఇస్తారులే అని కూర్చోకుండా ముందు కాలేజీకి ఫోన్ చేసి మీ పేరు మీద ఏం పెండింగ్ ఉందో కనుక్కోండి, ఆ నాన్ క్రెడిట్ పేపర్లతో సహా.